నూరు లెక్కపెట్టేలోపు

జమ్మికుంట, శుక్రవారం రాత్రి

ఈ సాయంత్రం పత్తి మార్కెట్ దగ్గర మా గారడీ ఆట. మా ఆయన చేతులు కట్టడానికి జనంలోంచి మగ్గం నేసే ముసలాయన ఒకడు వచ్చాడు. మా తాడు వద్దని, తన సంచిలోని నూలు చుట్టి, తెగిన పోగును అతికే ముడి వేశాడు. తాడైతే ఈయన మణికట్లు బిగబట్టి సందు మిగుల్చుకుంటాడు. నూలు దగ్గర ఆ పప్పులుడకవు.

పెట్టెలో కూర్చోబెట్టి తాళం వేశాను. డప్పు కొడుతూ నేను నూరు లెక్కపెట్టేలోపు ఆయన బయటికి రావాలి. అరవై దాటినా లోపల చప్పుడు లేదు. పొద్దున ఆయన చొక్కా గుండీలు నేనే పెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఆ వేళ్లు ఈమధ్య సరిగా వంగడం లేదు. తొంభై నుంచి అంకెకూ అంకెకూ మధ్య పెద్ద దరువే వేశాను.

ముసలాయన నా దగ్గరికొచ్చి, "నిమ్మలంగ లెక్కవెట్టు బిడ్డా, మాకేం తొందర లేదు" అన్నాడు.

తొంభై ఎనిమిదికి బయటపడి, "చూసిండ్రా, ఇంక రెండున్నయ్!" అని అరిచాడు ఈయన. ఆ ముఖం చూశాక నాకు నిజం చెప్పబుద్ధి కాలేదు.

ఇందాక ఆయన మణికట్లకు మంచినూనె రాస్తున్నాను. కళ్లు మూసుకునే అన్నాడు:

"రేపు గూడ గట్లనే లెక్కవెట్టవే."