కొత్త ఇంటి తలుపు

బుకిట్ పంజాంగ్, 12-3-2006

అక్కకు నమస్కారాలు, నేను కులాసా.

ఏడాదిగా నీ దగ్గర ఒక సంగతి దాచాను. నేను పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక నాకు ఇల్లు లేకుండా పోయింది. నిలువ నీడలేనివాళ్లను చేరదీసే హాస్టల్లో పది నెలలున్నాను. వాళ్లే చాంగీలో ఒక ఐటీ కంపెనీ క్యాంటీన్లో పని చూపించి, నిన్న ఫ్లాట్ కూడా ఇప్పించారు. హాస్టల్లో తలుపు వాళ్లే తీసేవారు. ఆ అలవాటుకొద్దీ కొత్త ఇంటి తలుపు కొట్టి నిలబడ్డాను. వెంట వచ్చిన, హాస్టల్లో పనిచేసే అమ్మాయి రుచిత, "అంకుల్, కీ మీ చేతిలోనే ఉంది లా!" అంది ఇక్కడి యాసలో. నవ్వుతూనే తాళం తీశాను.

ఈ ఫ్లాట్లో నాతో ఉండే తాన్ గారు చైనా పెద్దాయన, కారం తినలేరు. చారుపొడి కొలతలు తగ్గించి రాయి. బావ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు ఆశీస్సులు.

ఇకమీదట నా ఉత్తరాలకు కేరాఫ్ అక్కర్లేదు. కార్డు మీద రాసిన చిరునామా నాదే.

నీ తమ్ముడు
పట్టాభి