ప్రార్థన నూనె

కేతేపల్లి,
డిసెంబర్ 17, 2023

నా కొడుకు డానియల్‌కు, దేవుని కాపుదల నీమీద ఉండాలని కోరుకుంటూ అమ్మ రాసేది.

ఫోన్లో నాకు గట్టిగా మాట్లాడటం రాదు. నువ్వు అడ్డం వస్తే చెప్పాలనుకున్నది మింగేస్తాను. అందుకే రాస్తున్నాను. మందుల దుకాణంలో పని వదిలేసి ఇక బ్యాండుతోనే తిరుగుతానన్నావు. "ఒక్కసారి వచ్చి చూడమ్మా, చూసినంక నువ్వేమంటే అదే చేస్త" అన్నావు. నల్లగొండలో మీ సెమీ క్రిస్మస్ కచేరీ చూసి వచ్చాను. నేననేది ఇది: ఆ బ్యాండు వదిలేసి ఇంటికి రా.

మీ పాటలంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. పొద్దున పొయ్యి ముట్టించే ముందే ఫోన్లో పెట్టుకునేదాన్ని. మీ బ్యాండులో పాడే విజేందర్ గొంతు వింటుంటే ఈ పిల్లగాడు మోకాళ్ల మీద ఉండి పాడుతున్నాడు అనిపించేది. అందుకే ఆ రోజు ఉపవాసముండి, తెల్లచీర కట్టుకుని, పక్కింటి యాదలక్ష్మిని తోడు తీసుకుని వచ్చాను. మన ప్రార్థన కూటాలకు పోయినట్టే చిన్న సీసాలో కొబ్బరినూనె తెచ్చాను. డ్రమ్ములు కొట్టి కొట్టి మణికట్టు గుంజుతోందన్నావు కదా. వేదిక మీద ప్రార్థన చేయించి ఆ నూనె నీ చేతులకు రాద్దామనుకున్నాను. వాలంటీరు పిల్లకు ఇస్తే ఏమీ అడగకుండా తీసుకుపోయి వేదిక అంచున పెట్టింది.

తర్వాత చూసింది ఇది. ఆ పొగ, ఆ సెంటు వాసన. పాడేవాళ్లు బైబిలు పెట్టే బల్ల మీదికి బూట్లతో ఎక్కి దుంకుడు. నా ముందున్న పిల్లలు హల్లెలూయా అని అరిచిన నోటితోనే గుట్కా ఉమ్మితే నా చీర అంచు మీద పడింది. యాదలక్ష్మి నా చెవిలో, "వదినె, గిది ప్రార్థననా, బరాతా? పెండ్లికొడుకు ఏడి?" అన్నది. "ఊకో, గిది మొదటి పాటనే గదా" అన్నాను. ఇంకా ఆశ ఉండింది నాకు.

నాలుగో పాటయ్యాక విజేందర్ నా సీసా ఎత్తి లైటుకు పట్టాడు. "ఎవలదమ్మా గీ నూనె? నా జుట్టు ఊడుతాందని నీకెట్ల తెలిసింది?" అన్నాడు. మూత తీసి అరచేతిలో వంపుకుని తలకు రుద్దుకున్నాడు. "ఇగ నాకు ఫికర్ లేదు" అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. అప్పుడు నువ్వు, నా కొడుకువి, డ్రమ్ముల మీద డబడబ వాయించి చివర రేకు మీద ఝల్లుమనిపించావు, సర్కసులో జోకరు పడితే కొట్టినట్టు.

ఆ సీసా నాదని నీకు తెలియదు. లైట్లు కండ్లలో కొడుతుంటే నేను కనపడను కూడా. కాని నాది కాకపోతే మాత్రం? మంచం పట్టిన బిడ్డ కోసం ఇంకో తల్లి తెచ్చిందైతే? ఆ క్షణం నీ చేతులు చూసి నాకు అసహ్యం పుట్టింది. కన్నతల్లి రాయకూడని మాట. రాశాను.

మన మందిరంలో డోలక్ వాయించేవాళ్లు లేరు. వచ్చెయ్.

మీ అమ్మ,
ఈదమ్మ

కేతేపల్లి,
డిసెంబర్ 28, 2023

డానియల్ నాయనా, ఈ ఉత్తరం చేరేసరికి నువ్వింకా సామాను సర్దుకోకపోతే బాగుండునని అనుకుంటున్నాను.

నా ఉత్తరం అందిన మరునాడే వచ్చావు. "తప్పయిందమ్మా" అన్నావు. పండుగనాడు నువ్వు మందిరంలో డోలక్ వాయిస్తుంటే నా కడుపు నిండింది. కాని ప్రసంగం మధ్యలో మన పాస్టరు ఇస్రాయేలు అయ్యగారు నిన్ను లేపి నిలబెట్టారు. "లోకపు బురదల పొర్లి వచ్చిన పిల్లగాడు వీడే. వీళ్లమ్మ కన్నీళ్లు గెలిచినయ్. ఈదమ్మా, వచ్చి సాక్ష్యం చెప్పు" అన్నారు. ప్రార్థన చేయమని నేను ఆయనకు చాటుగా చెప్పుకున్న సంగతి అది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మేనల్లుడు ఫోను నా మొహం మీద పెట్టి, "జర ఏడ్వు పెద్దమ్మా, వీడియో మంచిగొస్తది" అన్నాడు. నువ్వు డోలక్ పట్టుకుని తల వంచుకున్నావు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

నల్లగొండలో వచ్చిన కంపే మన మందిరంలోనూ వచ్చింది నాయనా. అక్కడ నా నూనెతో నవ్వించారు, ఇక్కడ నా కొడుకుతో చప్పట్లు కొట్టించుకున్నారు. సాక్ష్యం చెప్పకుండానే మైకు అయ్యగారి చేతిలో పెట్టి వచ్చి కూర్చున్నాను. నిన్న నువ్వు సామాను తెచ్చుకుంటానని పట్నం బస్సెక్కేటప్పుడైనా ఈ మాట చెప్పాల్సింది.

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ కచేరీ నాకు ఇప్పటికీ అసహ్యమే, ఇంకోసారి రాను. కాని ఉండాలో రావాలో నువ్వే తేల్చుకో. దానికి ముందు ఒక్క పని చెయ్యి. విజేందర్ దగ్గరికి పోయి, ఆ నూనె మా అమ్మ నా చేతుల కోసం తెచ్చిందని చెప్పు. చెప్పి ఆయన మొహం చూడు. ఆ మొహం పక్కన కూర్చుని దేవుని పాట వాయించబుద్ధయితే ఉండు. కాకపోతే ఇంటికి రా. మందిరంలో వాయించమని అడగను.

నీ కోసం మోకాళ్ల మీద ఉండే,
అమ్మ