మెదడు నీటిలోకి దిగని మందు

జూన్ 14, ఆదివారం ఉదయం

ల్యాబు మహారాణికి,

నమస్కారం. నేను కులాసా. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. ఆరేళ్ళుగా మాటల్లేవు కాబట్టి, ఈ కవరు విప్పకుండానే పక్కన పడేస్తావేమోనని భయంగా ఉంది. చదువు, మంచి కబురే.

పది రోజుల కిందట మా జూనియర్ డాక్టరమ్మ పేరుతో నీ ల్యాబుకి రెండు సీసాలొచ్చాయి కదా, అవి పంపింది నేనే. రోగి బస్సు కండక్టరమ్మ, ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి. మెదడులో గడ్డ తీశాను. ఆపరేషన్ చక్కగానే జరిగింది. నాలుగో రోజున జ్వరం, మెడ బిగుసుకుపోవడం, ఆ తర్వాత కన్న కూతుర్నే ఎవరు నువ్వని అడగడం. మెదడు చుట్టూ ఉండే నీటికి ఇన్ఫెక్షన్ సోకింది. ఏ క్రిమో తేలింది. దాన్ని చంపే యాంటీబయాటిక్కే నరంలోకి ఎక్కించాం. ఐదు రోజులైనా జ్వరం దిగితే ఒట్టు. డోసు పెంచుదామంటే కిడ్నీలు మొరాయిస్తున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది నీ మాట. మందు ఒంట్లో ఉంటే సరిపోదు, క్రిమి ఉన్న చోట ఉండాలన్నావు. అందరి ముందూ నన్ను తప్పుపట్టావని నేను అరిచి, నీతో మాట మానేసిన మీటింగులోనే అన్నావు. ఒక సీసాలో రక్తం, ఒక సీసాలో ఆ నీరు పంపాను. నా పేరు రాయడానికి మొహం చెల్లలేదు.

సాయంత్రానికే నువ్వు ఫోన్ చేసి, రక్తంలో మందు దండిగా ఉంది, నీటిలో ఏదో ఆనవాలుకి ఉంది అని చెప్పి, ఇవి పంపింది ఆ మొండిఘటమేనా అని అడిగావట. పాపం మా డాక్టరమ్మ, ఏమో మేడమ్ అని నీళ్ళు నమిలిందట.

ఒత్తిడి తగ్గడానికి ఆ కండక్టరమ్మ తలలో పెట్టిన సన్నని గొట్టం ఉంది. మందు దాని గుండానే నేరుగా ఆ నీటిలోకి కొద్దికొద్దిగా వేద్దామనుకున్నాను. ఫిట్స్ రావచ్చని కూతురికి దాచకుండా చెప్పాను. మీ అమ్మకైతే వేస్తారా అని సూటిగా అడిగింది. వేస్తానన్నాను. సంతకం పెట్టింది. మొదటిసారి మందు నేనే వేశాను.

మూడో రోజు పొద్దున జ్వరం లేదు. ఐదో రోజు మేమంతా గుమ్మంలో గుంపుగా నిలబడి ఉంటే, ఆవిడ కళ్ళు తెరిచి, గుమ్మంలో నిలబడొద్దు, లోపలికి జరగండి జరగండి అని గద్దించింది. కూతురు ఏడుస్తూనే నవ్వేసింది. నేను బుద్ధిగా లోపలికి జరిగాను. నిన్నటి నీరు తేటగా ఉంది, క్రిమి జాడ లేదు. ఇన్నాళ్ళకి నాకు అన్నం సహించింది.

ఆ ప్రాణం నిలబడింది నీ లెక్క వల్ల. నన్ను క్షమించు.

నీ పాత స్నేహితుడు,
మొండిఘటం

తా.క. ఆ మీటింగుకి పది రోజుల ముందు నా చేతుల్లో ఒకాయన సరిగ్గా ఇలాంటి ఇన్ఫెక్షన్‌తోనే పోయాడు. మందు పనిచేస్తోందని చివరిదాకా రక్తం రిపోర్టునే నమ్ముకున్నాను. నువ్వు బోర్డు మీద లెక్క వేస్తుంటే నాకు ఆయన మొహమే కనిపించింది. నువ్వు చెప్పింది నిజమని అక్కడే తెలిసి, అందుకే అంత గట్టిగా అరిచాను. నిన్న ఆయన భార్య దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ, ఆ కండక్టరమ్మ బతికిందా అని అడిగింది. బతికిందని చెప్పాను.