ఆరని బ్రేకు లైటు

మంగళవారం, రాత్రి

స్నానం చేసినా ఒంటికి పట్టిన బ్రేకు ఆయిల్ వాసన పోలేదు.

మిరపకాయ కోతలకు కూలీలను తీసుకెళ్లే ప్రకాశం బాబాయి పాత వ్యాను పొద్దున్నే నా మెకానిక్ షెడ్డుకు వచ్చింది. లోపాలు పట్టే స్కానర్ పెడితే బ్రేకులు చెడ్డాయని కోడ్ చూపించింది. కోడ్ చెరిపేస్తే స్టీరింగు ముందున్న బ్రేకు లైటు ఆరినట్టే ఆరి మళ్లీ వెలిగింది. కిందికి దూరి చూశాను. పైపులన్నీ తుప్పు పట్టి ఆయిల్ కారుతోంది. మొత్తం విప్పి మార్చాలన్నాను.

“కోతలయ్యాక చూద్దాంలేరా. ఆ లైటు ఆరేటట్టు చెయ్యి, చాలు” అన్నాడు బాబాయి. చెయ్యనన్నాను. కోపంగా బండి తీసుకుపోయాడు.

రోజూ ఆ వ్యానెక్కేవాళ్లలో నా భార్య శాంత కూడా ఉంది. రేపు వెళ్లొద్దన్నాను.

“నేనొక్కదాన్నే ఆగితే మిగతావాళ్ల సంగతేంది?” అని చెప్పులేసుకుని బయలుదేరింది. ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చింది.

చీకటి పడకముందే బాబాయి బండిని తెచ్చి షెడ్డు ముందు వదిలాడు. “నీ పెళ్లాం నా కూలీలందర్నీ ఆపేసింది గదరా. ఆ పైపులన్నీ ఇప్పెయ్” అన్నాడు. నా మొహం చూడలేదు.

ఇంత పని ఒక్కణ్ణే ఎప్పటికి తెముల్చుతానో. అందాకా వాళ్లెవరికీ కూలి లేదు. ఆ మాటే శాంతతో అన్నాను.

“తెలుసు. అందరం అనుకునే ఆగాం. నువ్వు పొద్దున్నే లెగు” అని అటు తిరిగి పడుకుంది.