చుక్కల మందు దగ్గర రాజవ్వ అడిగిన మాట

గోదావరిఖని, 1997 జనవరి, ఆదివారం

ఇప్పటికి మనసు కుదుటపడింది. ఉదయం పోలియో చుక్కల కేంద్రంలో నర్సులకు పని చూపిస్తుంటే, బొగ్గుబాయి కార్మికుడి తల్లి రాజవ్వ వచ్చింది. చంకలో మనవరాలు. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఈ చుక్కలేస్తే పెద్దయినంక పిల్లలు పుట్టరట గదా" అంది.

వట్టి పుకారని నర్సు సరోజ చెప్పబోయింది. రాజవ్వ వినలేదు, నా వైపే చూసింది. "నువ్వు చెప్పు డాక్టరమ్మా. పట్నంల నువ్వు పిల్లలు పుట్టకుండ టీకా తయారు చేస్తున్నవట. మా కోడలు దవాఖానల ఆయా. నీ క్లాసుల విన్నదట."

నిన్న ఇక్కడి దవాఖానలో నర్సులకు చెప్పిన క్లాసులో, హైదరాబాదులో నేను చేస్తున్న ఆ పరిశోధన గురించి చెప్పింది నేనే. అలాంటి టీకా ఏమీ లేదని చెబితే అక్కడితో అయిపోయేది. అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"నిజమే అవ్వా. అది వేరే మందు, ఇంకా ల్యాబు దాటలే. అడగకుండ ఎవ్వరికియ్యం. ఈ చుక్కలు పోలియో పురుగును పేగుల్లనే ఆపుతయి, కాళ్లు పడిపోకుండ. నా బిడ్డకు గూడ ఇవే ఏయించిన."

"నువ్వు ఆ టీకా లేదని బొంకితే పిల్లను తీస్కపోతుంటి" అని రాజవ్వ పిల్ల నోటి మీది చెయ్యి తీసింది. సరోజ రెండు చుక్కలు వేసింది. పిల్ల మొహం చిట్లించి మింగేసింది. వెనకాల తటపటాయిస్తున్న ఇద్దరు తల్లులు కూడా ముందుకొచ్చారు.

అడగకుండా ఎవ్వరికీ ఇవ్వం అని అంత గట్టిగా మాటిచ్చాను. నేనైతే ఇవ్వను. రేపు ఆ టీకా నా ల్యాబు దాటి ఎవరి చేతికి పోతుందో, వేసే ముందు వాళ్లు రాజవ్వ కోడలిని అడుగుతారో లేదో...