తెగులు గింజలు పంపమని

చెన్నపట్నం,
మంగళవారం.

చిరంజీవి తమ్ముడు సుబ్బన్నకు అన్న నాగన్న దీవించి వ్రాసేది. దేవుని దయవల్ల నేనూ, నీ కొడుకు మద్దిలేటీ బాగున్నాము. నువ్వూ, మరదలూ, పెద్దక్కా ఎట్లా ఉన్నారో రాయించు.

ఇద్దరికీ వంట నేనే చేస్తున్నాను. ఇక్కడ రొట్టె లేదు, రెండు పూటలా అన్నమే. చెమటకు ఒళ్లంతా జిడ్డు. మాట్లాడే మనిషి లేడు. నా గురించి దిగులు పడవద్దు, బాగున్నాను.

మద్దిలేటికి డాక్టరు పట్టా మాఘమాసానికి వస్తుందా, పిల్లనిచ్చే పెండ్లివాళ్లకు మాట ఇవ్వనా అని అడిగినావు. ఇవ్వవద్దు. ఈ చదువు మనం అనుకున్నట్టు కాదు. ఫలానా రోజుకు అయిపోతుందని ఎవరూ చెప్పరు. ఇంతవరకు ఎవరికీ తెలియని సంగతి వీడే కనిపెట్టి రాయాలి. కొర్ర వెన్నును నల్లగా చేసే కాటుక తెగులు గింజ నుంచి ఎట్లా పాకుతుందో చూస్తున్నాడు. తెగులు చేని గింజలు పంపమన్నది అందుకే.

నువ్వు పంపిన మూటలో గింజలతో పాటు, పురుగు పట్టకుండా కలిపే బూడిద, వేపాకు ఉన్నాయి. మన విత్తనాల కుండలోవి అని నేను గుర్తుపట్టినాను. మంచివి పంపినావని సంతోషపడినాను. హాస్టళ్లలో పెరిగినవాడు, వానికి ఏమి తెలుసు.

వాడు అవే విత్తినాడు. పైరు ఏపుగా వచ్చింది. ఒక్క వెన్నుకూ నలుపు లేదు.

"ఏమప్పా, ఇట్లాంటి కొర్ర మనూర్లో యాడ పండింది!" అన్నాను.

వాడు గట్టు మీద కూలబడినాడు. "నాకు కావాల్సింది పంట కాదు పెదనాయనా, రోగం. ఏడాది పాయ."

అప్పుడు మూట సంగతి చెప్పినాను. వాడు విని, "నాయన చెయ్యి చెడ్డ గింజ ఎట్లా పెడతాది? ఆయనకు రాయొద్దు, బాధపడతాడు" అన్నాడు.

వాళ్ల పంతులుగారు మళ్లీ విత్తమన్నారట. ఈ చదువులో ఇట్లాంటివి అందరికీ వస్తాయట. వీనికి మాత్రం మనసు విరిగింది. నిన్న పెట్టె సర్దుకుంటూ, "ఊరికి పోదాం, సేద్యం చేసుకుంటా" అన్నాడు. రెండు రోజులు ఆగమని బతిమాలినాను.

వాడు వద్దన్నా రాస్తున్నాను, తప్పు పట్టవద్దు. ఇప్పుడు అక్కడ కోతలు కదా. పడమటి చేనిలో నల్ల వెన్నులు ఏరి కాల్చవద్దు. కడగకుండా, చెరగకుండా, ఉన్నవి ఉన్నట్టే గుడ్డలో కట్టి పంపు. కొడుక్కు చెడ్డవి పంపడానికి నీకు చెయ్యి రాదు, నాకు తెలుసు. ఆ పని మరదలికి చెప్పు. పెండ్లివాళ్లకు మాత్రం నువ్వే పోయి చెప్పు. ఆగితే ఆగుతారు.

పెద్దక్కకు నా నమస్కారం చెప్పి, మద్దిలేటిని దీవించమను. మూట వచ్చేదాకా వాణ్ణి ఎట్లనో కదలనివ్వను.

నీ మేలు కోరే అన్న,
నాగన్న