బావిలో నీళ్లు పెరిగాయి

అమ్మా, అన్నయ్యా నేనూ బాగానే ఉన్నాం, టెన్షన్ పడకు.

గని పంపులు నేలలో నీళ్లన్నీ తోడి కాలవలో పోస్తాయి కదా, అందుకే మా బావి ఎప్పుడూ అడుగంటే ఉంటుంది. నిన్న పొద్దున సగం తాడుకే చేద మునిగింది. పక్కింటి అత్త, "మన పంట పండిందే, బిందెలన్నీ తేవే!" అంది. నేను చేద అక్కడే వదిలేశాను. నీళ్లు పెరిగాయంటే పంపులు ఆగినట్టే. అన్నయ్య గనిలోనే ఉన్నాడు. గేటు దాకా పరిగెత్తాను. అన్నయ్య నల్లటి మొహంతో బయటికొచ్చి, "ఏంటే, టిఫిన్ తెచ్చావా?" అని నవ్వాడు. పంపు రిపేరట, ఇంటికి రాయొద్దన్నాడు.

గని లోపల కాకుండా పైన పని అడగమని నీకే తోచినట్టు వాడికి రాయి. ఈ కార్డు చించెయ్. చెల్లి దగ్గు తగ్గిందా? నా స్వెట్టర్ పంపు.

ఇవాళ తాడంతా వదిలితేగానీ నీళ్లు అందలేదు. చేతులు బొబ్బలెక్కాయి, ప్రాణం కుదుటపడింది. నానమ్మకి దండాలు.

నీ పెద్దది